సైరన్ మోగలేదు

నిదానం అసలు పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు తోటివాళ్లు వెక్కిరింతకి పెట్టిన పేరది. ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక అదే బోర్డుకెక్కింది. అందరూ ఒక పూటలో తేల్చేసే కేసుని ఈయన నెల్లాళ్లు నానబెడతాడని ప్రతీతి. ఈ కేసులో మాత్రం నానబెట్టే వీలు లేదు. సాయంత్రం కోర్టు మూసేలోగా ఏదో ఒకటి తేలకపోతే, కన్నతండ్రిని చంపిన నేరం మీద ఒక ఆడపిల్ల జైలుకి పోతుంది.

ఆ పిల్ల తల్లే నిన్న ఆయన ఆఫీసు మెట్లెక్కింది. ఏడవలేదు. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. "మొగుడు పోయాడు, కూతుర్ని పట్టుకుపోయారు. పోయినవాణ్ణి మీరు ఎలాగూ తేలేరు. నా పిల్లని తెచ్చిపెట్టండి," అంది. అలాంటి మాటకి ఆలోచించుకుని చెప్తాననడం నిదానానికి చేతకాలేదు.

పోలీసుల కథ సూటిగానే ఉంది. అమ్మాయి కోళ్ల కంపెనీ గేటు ముందు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడే బాపతు. తండ్రి అదే కంపెనీకి కోళ్లు పెంచే రైతు. ఆ రాత్రి ఫారం వెనక దారిన వచ్చి, షెడ్డుకి వెళ్లే కరెంటు కేబుల్ కోసేసింది. ఫ్యాన్లు ఆగి, మూసిన షెడ్డులో వేడికి కోళ్లన్నీ చచ్చాయి. తెగిన వైరు కలపబోయి తండ్రి జనరేటర్ గదిలో షాక్ కొట్టి పోయాడు. తెల్లవారకముందే కంపెనీ సెక్యూరిటీ జీపు వాళ్లకి కంచె అవతల కూతురు దొరికింది. తెగిన కేబులుంది, శవముంది, పగ పట్టిన పిల్ల ఉంది. ఇక పోలీసులకి వేరే పని లేకపోయింది.

లాకప్పు గదిలో ఆ అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. దొరికినప్పట్నుంచీ నోరు విప్పలేదట.

"మీ నాన్నని చూసి వస్తున్నానమ్మా, మార్చురీలో," అన్నాడు నిదానం, ఎదురుగా నేల మీదే చతికిలబడి.

పిల్ల కళ్లెత్తింది.

"కరెంటు పట్టుకున్న చేతికి కాలిన మచ్చ ఉండాలి. ఆయన చేతికి లేదు. మోచేతుల దాకా కోడిగోళ్ల గీతలున్నాయి. చొక్కా మీద చెమట కారి కారి ఎండి, ఉప్పు చారలు కట్టింది. చెవుల్లో ఊక, మేజోళ్లలో ఊక. జనరేటర్ గదిలో సిమెంటు నేల తప్ప ఏమీ లేదు. ఊక పరిచేది షెడ్డులో. ఆయన షెడ్డులో పోయాడు. ఎవరో మోసుకొచ్చి జనరేటర్ గదిలో పడేశారు."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. నిదానం ఆపలేదు. ఏడ్చేవాళ్లని ఏడవనిస్తే మాట దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం. అదే వచ్చింది.

"నాన్నే నన్ను రమ్మన్నాడు. రెండు కోళ్లు పట్టి కంచె మీదుగా అందిస్తానన్నాడు. వాటిని పరీక్షకి పంపాలని."

"ఎందుకు?"

"అవి గుడ్డులోంచి వచ్చిన దగ్గర్నుంచీ తాగే నీళ్లలో మందు కలుపుతారండీ. కాలు చాపుకునే చోటు లేకుండా కుక్కుతారుగా, జబ్బు రాకుండా ముందే మందు. ఇప్పుడు ఏ మందుకీ లొంగని పుండొకటి పుట్టింది వాటికి. పోయిన దఫా కోళ్లు పట్టడానికి వచ్చిన కూలీలు ఇద్దరికి అదే పుండు లేచింది. ఆస్పత్రిలో ఉన్నారు. ఏ ఇంజెక్షనుకీ తగ్గట్లేదు. నేను గేటు ముందు మొత్తుకుంటే చదువెక్కువై పిచ్చిపట్టిందన్నారు. పరీక్ష చేయించి చూపిస్తే కాదనలేరని నాన్న అన్నాడు."

"ఈ మాట పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"కోళ్లు బయటికిచ్చాడని తెలిస్తే కంపెనీ ఇక మా షెడ్డులో కోడిపిల్లల్ని వదలదు. అమ్మకున్నదల్లా ఆ షెడ్డే." మోచేత్తో ముక్కు తుడుచుకుంది. "అమ్మకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేసేది. మా ఇద్దరికీ ఈ విషయంలో మాటల్లేవు. 'ఆ కోళ్లే నీకు చదువు చెప్పించాయి, ఇప్పుడు వాటి తరఫున నా మీదే వకాల్తా పుచ్చుకున్నావా' అంటుంది. అదీ అబద్ధం కాదు కదండీ. నేనేం జవాబు చెప్పను? నాన్న మా మధ్య నలిగిపోయాడు. అందుకే ఊళ్లో స్నేహితుడింటికి వెళ్తున్నానని అమ్మకి చెప్పి బయల్దేరాడు. బండి వెనక దారిలో నా దగ్గర పెట్టి, కంచె సందులోంచి షెడ్డుకి వెళ్లాడు."

బండి మాట వినగానే నిదానం బుర్రలో ఏదో కదిలింది. పోలీసు రిపోర్టులో బండి ఇంటి వాకిట్లో ఉన్నట్టు రాసి ఉంది. శవాన్ని మోసినవాళ్లే బండినీ తోసుకొచ్చారన్నమాట.

"లోపల లైటు వేసుకున్నాడా?"

"నీలి బల్బు. ఆ వెలుతురు కోళ్ల కళ్లకి ఆనదు. మామూలు లైటేస్తే బెదిరి, మూలకి తోసుకుని, ఒకదాని కింద ఒకటి నలిగి చస్తాయి. కోళ్లు పట్టేటప్పుడు ఎవరైనా నీలి బల్బే వేసుకుంటారు, నోరెత్తరు. ఫోను కూడా లోపలికి తీసుకెళ్లరు." ఆగింది. "ఎంతకీ రాకపోతే ఫోన్ చేశాను. బండి పెట్టెలోనే మోగింది."

"నువ్వు లోపలికి వెళ్లి చూడలేదా?"

"కంచె దాటనని ఒట్టేయించుకున్నాడు. అమ్మ చూస్తే గొడవని. అమ్మ లేచిందేమో, అందుకే బయటికి రాలేకపోతున్నాడేమో అనుకుంటూ కూర్చున్నా. అంత దూరానికి షెడ్డు లోపలి చప్పుడేదీ వినపడదండీ."

నిదానం లేవబోతూ అసలు అడగాల్సింది అప్పుడడిగాడు. "ఆ రాత్రి షెడ్డు సైరన్ మోగిందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "కరెంటు పోతే చుట్టుపక్కలంతా వినపడేలా మోగుతుంది. చిన్నప్పుడు ఆ మోతకి నిద్రలోంచి లేచి, ముగ్గురం షెడ్డుకేసి పరిగెత్తేవాళ్లం. ఆ రాత్రి మోగలేదు. మోగితే ఒట్టూ లేదు గట్టూ లేదు, కంచె దూకేసేదాన్ని."

షెడ్డు దగ్గర నిదానం కోసం ఒక మనిషి కాచుకుని ఉన్నాడు. కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో ఒకే బల్ల మీద ఫైళ్లు రాసినవాళ్లే. నిదానానికి ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడు కూడా ఈయనే.

"ఏవోయ్ నిదానం, తాబేలు అప్పుడే ఇక్కడిదాకా నడిచొచ్చిందే."

"కుందేలు ముందే వచ్చి సున్నం చల్లేసిందిగా," అన్నాడు నిదానం లోపలికి అడుగు పెడుతూ.

పొడుగ్గా, కిటికీ లేకుండా, గుహలా ఉంది షెడ్డు. ఊక మీద తెల్లగా సున్నం. కోళ్లని ఎప్పుడో గోతిలో పూడ్చేశారు. వాసన మాత్రం పూడ్చడానికి లొంగలేదు. వేలకి వేల ప్రాణాలు వేడికి రొప్పి రొప్పి, ఒకదాన్నొకటి తొక్కి చచ్చిన చోటది. నిదానం ఆదివారాలు కోడికూర తినే మనిషే. ఆ కూర ఇలాంటి చోటునుంచి వస్తుందని తెలియక కాదు, తెలుసుకోవాలనిపించక. ఇప్పుడక్కడ నిలబడితే ఆయనకి సిగ్గేసింది.

తలుపు మూసి, దాని లోపలి వైపు టార్చి వేశాడు. మందపాటి రేకు తలుపు. గడియ బయట వైపే ఉంది. లోపలి రేకు మీద మనిషి రొమ్మెత్తున సొట్టలు, ఒకచోటే, ఒకదాని మీద ఒకటి. పక్కనే దాణా వేసే ఇనపతొట్టి వంకరపోయి పడి ఉంది. తలుపు అడుగున గాలి చొరకుండా అంటించే రబ్బరు పట్టీని ఎవరో గోళ్లతో పీకారు. సగమే ఊడింది. దాని అంచుకి ఎండిన నెత్తురు.

నిదానం చాలాసేపు ఆ పట్టీ దగ్గర గొంతుకూర్చుని ఉండిపోయాడు. ఒక మనిషి ఇక్కడ నేల మీద బోర్లా పడుకుని, ఆ కాస్త సందుకి ముక్కు పెట్టి గాలి పీల్చుకోబోయాడు. అవతల కంచె దగ్గర కూతురు కూర్చునే ఉంది.

"ఏ కోడి పెట్టింది ఈ సొట్ట?" అని అడిగాడు లేచి.

సెక్యూరిటీ ఆఫీసరు టార్చి వెలుగులోంచి పక్కకి తప్పుకున్నాడు.

తలుపు పక్కనే మీటల గది. ఫ్యాన్లకీ లైట్లకీ మీటలు, వాటి పైన సైరన్‌కి చిన్న తాళపు మీట. నిదానం దాన్ని చూపుడు వేలితో చూపించాడు. ఆ మీట ఆపేసి ఉంది.

"కేబుల్ తెగితే సైరన్ మోగి తీరాలి. మోగలేదు. ఎందుకంటే అంతకుముందే ఎవరో ఇక్కడికొచ్చి సైరన్ నోరు నొక్కి, చేత్తో ఫ్యాన్లు ఆపారు. కేబుల్ తీరిగ్గా తర్వాత కోశారు. కోసింది నీ మనుషులు. తెల్లవారుజామున చచ్చిన కోళ్లని ఎత్తడానికి మీరు తలుపు తీసేసరికి ఈయన కనిపించాడు. శవాన్ని జనరేటర్ గదికి, బండిని వాకిట్లోకి మార్చారు. పిల్ల దొరకడం మీ అదృష్టం."

"ఫ్యాన్లు కూడా ఆ పిల్లే ఆపిందని రాసుకో."

"ఈ గదికి తాళం. తాళంచెవులు రెండే. ఒకటి చచ్చిన మనిషి జేబులో దొరికింది. రెండోది ఇంటావిడది. ఆవిడ దగ్గర అది తీసుకున్నదెవరు? కోళ్లకి మందులు రాసే మీ కంపెనీ డాక్టరా, నువ్వా?"

అవతలాయన నిదానంకేసి వింతగా చూశాడు. మొహంలో ఎకసెక్కం పోయింది.

"ఊరందరికీ కోడి చవగ్గా కావాలి. అది చవగ్గా ఎలా వస్తుందో మాత్రం ఎవరికీ కనపడకూడదు. ఆ కనపడకూడనిదంతా చూసుకోవడం నా ఉద్యోగం," అన్నాడు. "నన్ను తిట్టుకో, ఫరవాలేదు. కానీ ఇక్కడితో ఆపెయ్. పిల్లకి మంచి వకీలుని నేనే పెట్టిస్తాను. కావాలని చంపలేదంటారు, కొన్నాళ్లకి బయటికొస్తుంది. తల్లీ కూతురూ ఇద్దరూ మిగులుతారు. నువ్వు ఇంకా తవ్వావంటే ఒక్కరే మిగులుతారు."

"ఆడవాళ్ల మీద బెదిరింపులకి దిగావన్నమాట."

"బెదిరింపు కాదురా," అన్నాడు ఆఫీసరు. ఆ 'రా' ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చింది. "నీ మంచికే చెప్తున్నా. వినే రకం కాదు నువ్వు."

నిదానం వినలేదు. గొంతులో తడి పెట్టి మరీ భయపెట్టడం వీళ్లకి బాగా అలవాటని అనుకున్నాడు. గబగబా ఇంటివైపు నడిచాడు. ఆ తల్లి ఒక్క మాట చెప్తే చాలు. తాళంచెవి కంపెనీ డాక్టరు తీసుకున్నాడని అంటే చాలు, పొద్దుగుంకేలోగా పిల్ల ఇంట్లో ఉంటుంది.

షెడ్డుకీ ఇంటికీ మధ్య ఖాళీ వాకిలి అంతే. వాకిట్లో బండి నిలబడి ఉంది. లోపల ఆవిడ కూతురి బట్టలు మడిచి సంచిలో పెడుతోంది. దువ్వెన పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"దువ్వెన ఇవ్వనిస్తారా అండీ అక్కడ?"

"ఇస్తారమ్మా." నిదానం బల్ల మీద కూర్చున్నాడు. "మీటల గది తాళంచెవి మీ దగ్గర్నుంచి ఎవరు తీసుకున్నారు?"

"ఎవరూ తీసుకోలేదే. నా దగ్గరే ఉంది." చేతిసంచిలోంచి తీసి ఆయన ముందు పెట్టింది.

"బాగా గుర్తు తెచ్చుకోండి. కంపెనీ డాక్టరు గానీ, సెక్యూరిటీ వాళ్లు గానీ, ఒక్క పూటకని అడిగారేమో."

"లేదండీ. ఎవ్వరికీ ఇవ్వలేదు."

ఆవిడ మడుస్తున్న బట్ట పక్కన పెట్టింది. ఆ తర్వాత, ఏదో నిశ్చయానికి వచ్చినట్టు, నిదానంకేసి సూటిగా చూసింది.

"ఒక మాట మీకు చెప్పలేదు. చెప్తే పిల్లని వదులుతారా?"

"ఏ మాట?"

"కోళ్లు కేబుల్ తెగి చావలేదు. దాని తప్పు ఇసుమంత కూడా లేదు. నేనే ఫ్యాన్లు ఆపాను."

నిదానం చెయ్యి తాళంచెవి మీదే ఆగిపోయింది.

"ఆ సాయంత్రం డాక్టరు ఫోన్ చేశాడు. ఈ జబ్బు బయటికి పొక్కితే మా షెడ్డే కాదు, చుట్టుపక్కల అందరి షెడ్లూ మూతపడతాయన్నాడు. తెల్లారేసరికి అవి ఉండకూడదు, తలుపు బిగించి ఫ్యాన్లు ఆపెయ్యి, సైరన్ ముందు ఆపుకో, పొద్దున మా వాళ్లొచ్చి ఎత్తేస్తారన్నాడు. ఎవరితోనైనా అన్నావంటే మళ్లీ ఒక్క కోడిపిల్లని కూడా వదలనన్నాడు. ఆ భయంతోనే మీకూ చెప్పలేదు. తర్వాత ఆలోచించాను. షెడ్డు పోతే పోయింది. పిల్ల కంటే ఎక్కువా?" ఆవిడ మొహంలో మూడు రోజుల్లో మొదటిసారి కాస్త వెలుగొచ్చింది. "నేనే చంపానని కోర్టులో చెప్తాను. అప్పుడు అది కేబుల్ కోయలేదని తేలుతుందిగా?"

"మీ ఆయన ఎక్కడున్నాడు అప్పుడు?" అన్నాడు నిదానం.

"ఊళ్లో స్నేహితుడింటికి వెళ్లాడు. మంచిదే అయిందనుకున్నా. ఉంటే ఫ్యాన్లు ఆపనిచ్చేవాడు కాదు. ఈ మధ్య పూర్తిగా కూతురి పక్షమే అయిపోయాడు. రాత్రెప్పుడో వచ్చి ఉంటాడు. పొద్దున చూస్తే బండి వాకిట్లోనే ఉంది. ఫ్యాన్లు తిరగట్లేదని జనరేటర్ గదిలోకి వెళ్లినట్టున్నాడు పాపం. నన్ను లేపి అడిగినా చెప్పేదాన్ని."

"తలుపు బిగించే ముందు లోపలికి చూశారా?"

"చూశాను. మీటల గది గోడకున్న అరచేయంత అద్దంలోంచి. అంతా చీకటి. ఆ చివర నీలి బల్బు ఒక్కటి వెలుగుతోంది. మొన్నటి కూలీలు మర్చిపోయి ఉంటారని అదీ ఆపేశాను."

నిదానం ఇంకేమీ అడగదలుచుకోలేదు. కానీ ఆవిడ చెప్పుకుపోతోంది. ఇన్నాళ్లూ గొంతులో అడ్డం పడింది కదా, ఇప్పుడు ఆపినా ఆగేలా లేదు.

"దొంగలా వచ్చి పడుకున్నాను. అవి తలుపుకేసి కొట్టుకోవడం మొదలెట్టాయి. ఇదివరకు ఒకసారి ఇలాగే ఆపినప్పుడు ఇంత చప్పుడు లేదు. ఈసారి దబదబా, దబదబా, మనుషులు కొట్టినట్టే. వినలేక టీవీ పెట్టుకున్నా. అయినా వినపడుతోంది. ప్రాణం ఒప్పక లేచి వెళ్లానండీ, తలుపు దాకా. అన్ని వేల కోళ్ల అరుపుల్లో ఇంకేమీ వినపడలేదు. గడియ మీద చెయ్యి పెట్టాను. తీసేస్తే ఏమవుతుంది, చస్తే చచ్చాయి, బతికితే బతికాయి అనిపించింది. అంతలో డాక్టరు మాట గుర్తొచ్చింది. చెయ్యి తీసేసి వచ్చేశాను. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది."

ఆవిడ లేచి సంచి భుజానికి తగిలించుకుంది. చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"పదండి. కోర్టు మూసేస్తారు."

నిదానం లేవలేదు. లేవాలనే ఉంది. ఈవిడ ఈ మాట కోర్టులో చెప్తే పిల్ల ఇంటికొస్తుంది, ఆయన్ని ఇక్కడికి రప్పించిందే అందుకు. చెప్పిందంటే షెడ్డు తలుపు మీది సొట్టలు ఎవరివో ఈవిడకి తెలిసి తీరుతుంది. ఇప్పుడు తను చెప్పకపోతే కోర్టులో నల్లకోటు వేసుకున్నవాడెవడో నలుగురి మధ్యా చెప్తాడు. కళ్లు మసకబారుతుంటే తల వంచుకుని తాళంచెవినే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమండీ," అంది ఆవిడ. "మీరెందుకు ఏడుస్తున్నారు?"

ఆయన తాళంచెవిని గుప్పిట్లో మూసుకున్నాడు.

ఆవిడ కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత వాకిలి అవతల మూసి ఉన్న షెడ్డు తలుపుకేసి చూసింది. భుజం మీది సంచి జారి కింద పడింది. దాన్ని తియ్యడానికి వంగలేదు.

"ఆయన జనరేటర్ గదిలోనే కదండీ పోయింది?" అని అడిగింది.